26 మంది పిల్లలున్న వార్డు బడిని ఉంచాలా, కలిపేయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. విజయనగరంలో మీ వీధి చివర ఉన్న పురపాలక ప్రాథమిక పాఠశాలలో ఒకటి నుంచి అయిదు వరకు అన్ని తరగతులకూ కలిపి 26 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు ఉన్నారు. మెయిన్ రోడ్డుకు అవతల ఉన్న పెద్ద పాఠశాలలో ఈ బడిని కలిపేస్తే ఎలా ఉంటుందని తల్లిదండ్రుల కమిటీని అభిప్రాయం అడిగారు. పల్లెలో అయితే ఊరికి ఒక్కటే బడి కాబట్టి ఉంచాలనడంలో అర్థముంది గానీ, నాలుగు అడుగులకొక కాన్వెంటు ఉన్న పట్టణంలో ఇంత చిన్న బడి వల్ల వీధికి ఒరిగేదేమిటని కమిటీ సభ్యురాలిగా మీరు అడుగుతున్నారు.

నేను 31 సంవత్సరాలు పురపాలక ప్రాథమిక పాఠశాలల్లో పనిచేశాను. మొదట్లో బొబ్బిలిలో, సాలూరులో, ఆ తరువాత పదవీ విరమణ వరకు విజయనగరంలోనే ఉన్నాను. ప్రధానోపాధ్యాయురాలిగా చూసిన చివరి బడిలో పిల్లల సంఖ్య ఒక ఏడు 70 దాటింది, మరో ఏడు పాతిక లోపుకు దిగింది. అందుచేత చిన్న బడిలోని సుఖమూ తెలుసు, అందులో టీచరు పడే అవస్థా తెలుసు. మీ బడిని ఉంచమనే నా సలహా. అయితే ఇద్దరు టీచర్లూ ఉంటేనే ఆ సలహా చెల్లుతుంది. ఒక్కరినే మిగిల్చి బడిని ఉంచామని చెప్పుకొనే పని అయితే కలిపేయడమే పిల్లలకు మేలు. ఆ షరతు ఎందుకు పెడుతున్నానో కింద రాస్తాను.

పల్లెలో బడి చిన్నదైందంటే ఊళ్లో పిల్లలు తగ్గారని అనుకోవచ్చు. పట్టణంలో ఆ లెక్క పనికిరాదు. ఉదయం ఎనిమిది గంటలకు మీ వీధి మొగలో నిలబడి చూస్తే కాన్వెంటు వ్యాన్లూ, పది పన్నెండు మందిని కుక్కుకొని సంచులను బయటకు వేలాడదీసుకున్న ఆటోలూ వరుసగా కనబడతాయి. వీధిలో పిల్లలకు కొదవ లేదు. ఆ వ్యాన్లు ఎక్కగలిగిన వారంతా ఎక్కి వెళ్లాక మిగిలినవారే మన బడికి వస్తున్నారు. ఇళ్లల్లో అంట్లు తోమే తల్లుల పిల్లలు, తాపీ పనికి ఒడిశా వైపు నుంచి వచ్చి అద్దె గదుల్లో ఉంటున్న కుటుంబాల పిల్లలు, కళాసీల పిల్లలు, తండ్రి వదిలేసి పోతే అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న పిల్లలు. ఆఫీసు కాగితం మీద 26 చిన్న అంకెగానే కనిపిస్తుంది. వార్డులో ఇక వేరే ఏ బడికీ పోలేని పిల్లలు ఎందరని అడిగి చూడండి, దానికీ జవాబు దాదాపు అదే అంకె అవుతుంది.

ఈ సంగతి మరిచినప్పుడే, బడి కలిపితే పిల్లలు కూడా దాని వెంటే వెళ్తారనే అంచనా పుడుతుంది. 2022 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన 117వ నంబరు ఉత్తర్వు ప్రకారం మూడు, నాలుగు, అయిదు తరగతులను కిలోమీటరు లోపు ఉన్న ప్రాథమికోన్నత, ఉన్నత పాఠశాలలకు తరలించినప్పుడు ఏం జరిగిందో దగ్గర నుంచి చూశాను. మా బడి నుంచి వెళ్లవలసిన పిల్లల పేర్లు ఒక తావు కాగితం మీద రాసి పంపించాను. దసరా సెలవుల ముందు ఆ కాగితం నకలు పట్టుకొని వాకబు చేస్తే ఎక్కువమంది కొత్త బడిలోనే ఉన్నారు, కాదనను. కొందరిని తల్లిదండ్రులు అప్పు చేసి తక్కువ ఫీజు కాన్వెంటులో వేశారు. ఒక కుటుంబం పిల్లలిద్దరినీ సొంత ఊళ్లో తాత దగ్గరకు పంపేసింది. మూడో తరగతి పిల్ల ఒకతె రెండు నెలలుగా ఏ బడికీ వెళ్లకుండా తల్లి వెంట పని ఇళ్లకు తిరుగుతోంది. పాత బడి రిజిస్టరులో ఆ పిల్ల 'బదిలీ', కొత్త బడి రిజిస్టరులో 'చేరిక', అంటే రెండు చోట్లా లెక్క సరిపోయింది. ఆ ఉత్తర్వును 2025లో రద్దు చేసి, తరగతికొక టీచరు ఉండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలల పద్ధతి తెచ్చారు. ఇది మునుపటి కన్నా నయమైన ఆలోచనే. అయితే పద్ధతి ఏదైనా, కలిపే ముందు అడగవలసిన ప్రశ్న మాత్రం ఆ పిల్ల గురించే.

దూరం సంగతి. మన రాష్ట్ర విద్యాహక్కు నియమాల ప్రకారం ప్రాథమిక పాఠశాల కిలోమీటరు లోపు ఉండాలి. మీరు చెప్పిన పెద్ద పాఠశాల బహుశా ఆ హద్దులోనే ఉంటుంది కాబట్టి నిబంధన తప్పినట్టు కాదు. కానీ పల్లెలో కిలోమీటరుకూ పట్టణంలో కిలోమీటరుకూ పోలిక లేదు. అక్కడ పిల్లలు చెరువు గట్టు మీదుగా గుంపుగా ఆడుకుంటూ వెళ్లిపోతారు. ఇక్కడ ఆరేళ్ల పిల్ల వీపున సంచి వేసుకొని, కాలువ మీద పలకలు లేచిపోయిన చోట దిగి, ఆగి ఉన్న లారీ వెనక నుంచి తొంగి చూసి, రెండు వైపుల నుంచీ వచ్చే బస్సులను తప్పించుకొని దాటాలి. రోడ్డు దాటించే పెద్ద మనిషి ఉంటే ఇది సమస్య కాదు. ఆ వేళకు పెద్దలు ఇంట్లో ఉండరు, అసలు చిక్కు అక్కడే. ఒక తల్లి నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "మా గుంట అంత దూరం ఒక్కర్తీ ఎల్లలేదు టీచరమ్మా, తీసుకెల్దామంటే నాను తెల్లారకుండానే పనికెల్లిపోతాను."

ఇక చిన్న బడి విలువలో ముఖ్యమైన భాగానికి వస్తాను. నా దగ్గర ఒక వంద పేజీల లాంగు నోటుబుక్కు ఉండేది. ఏ అధికారీ అడిగింది కాదు, తనిఖీలో చూపించింది కాదు. పిల్లకు ఒక పేజీ చొప్పున ఇచ్చి మార్కులు కాక మిగిలినవన్నీ అందులో రాసుకొనేదాన్ని. పొద్దున్న ఎవరు లేపుతారు, రాత్రి ఇంట్లో ఎవరుంటారు, ఫోను ఎవరి దగ్గర ఉంటుంది, ఇంట్లో చదవడం వచ్చినవారు ఎవరైనా ఉన్నారా, కూర్చొని రాసుకోవడానికి దీపం కింద చోటుందా, దగ్గు ఎన్నాళ్ల నుంచి ఉంది, ఇలాంటివి. 26 మందికి 26 పేజీలు. ఆదివారం రాత్రి ఒకసారి తిరగేస్తే సోమవారం ఎవరిని ఏ మాటతో పలకరించాలో తెలిసేది. రెండు మూడు వందల మంది ఉన్న బడిలో ఎంత శ్రద్ధగల ప్రధానోపాధ్యాయులకైనా ఇది చేతకాదు. అక్కడ ఎవరి తరగతి వరకు వారు తెలుసుకుంటారు, తరగతి మారేసరికి ఆ తెలిసినదంతా పోతుంది. చిన్న బడిలో ఒకటో తరగతిలో చేరిన బిడ్డను అయిదేళ్లపాటు అవే రెండు జతల కళ్లు చూస్తాయి.

ఆ పుస్తకంలో ఒక పేజీ గురించి చెబుతాను. రెండో తరగతి పిల్లవాడు, లెక్కల్లో చురుకైనవాడు, మంగళ బుధవారాల్లో మాత్రమే మానేస్తున్నాడని నాలుగు వారాలకు గమనించాను. నెల మొత్తం హాజరు చూస్తే అరవై అయిదు శాతం పైనే ఉంది కాబట్టి పై లెక్కల్లో వాడు ఎక్కడా తేలడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండు సందులు దాటి వాళ్ల ఇంటికి వెళ్లాను. ఏడాది చెల్లెలిని ఉయ్యాలలో పడుకోబెట్టి, ఒక చేత్తో ఉయ్యాల తాడు పట్టుకొని తలుపు దగ్గర చాప మీద కూర్చొని ఉన్నాడు. ఆ రెండు రోజులూ తల్లికి ఒక కల్యాణ మండపంలో పాత్రలు కడిగే పని ఉంటోంది. మా బడి వెనక గదిలోనే అంగన్‌వాడీ నడుస్తోంది. ఆ కార్యకర్తతో మాట్లాడి, పసిదాన్ని కూడా అన్నతోపాటు తెచ్చి అక్కడ ఉంచే ఏర్పాటు చేశాం. వయసు తక్కువని ఆమె మొదట ఒప్పుకోలేదు, తరువాత ఒప్పుకుంది. ఆ పై వారం నుంచి వాడు బుధవారం కూడా వచ్చాడు. ఇందులో నా గొప్ప ఏమీ లేదు. రెండు సందుల దూరంలో ఇల్లుంది కాబట్టి వెళ్లాను. రోడ్డుకు అవతల ఉండి ఉంటే ఫోను చేసేదాన్ని, ఆ ఫోను తల్లి దగ్గర ఉంటుంది, మండపంలో మోగినా ఆమెకు వినబడదు.

తల్లిదండ్రులు బడి గడప తొక్కడం సంగతి కూడా చూడండి. పెద్ద పాఠశాల గేటు దగ్గర కాపలా మనిషి ఉంటాడు, తరువాత ఆఫీసు గది, తరువాత నిరీక్షణ. అందులో తప్పేమీ లేదు, అంతమంది పిల్లలున్నచోట అది అవసరం కూడా. కానీ మా బడికి నైటీ మీద తువ్వాలు కప్పుకొని, చేతికి పిండి అంటుకొని ఉండగానే తల్లులు వచ్చి కిటికీలోంచి "మావోడు ఒప్పజెప్పాడా టీచరుగారూ?" అని అడిగి పోయేవారు. విద్యాహక్కు చట్టం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు ఉండాలనీ, మొత్తం మీద సగం మంది స్త్రీలు ఉండాలనీ చెబుతోంది. ఆ నియమం కాగితం మీద అన్ని చోట్లా ఒకటే. పెద్ద బడుల్లో ఆ తల్లులు వేలిముద్ర వేసి వెళ్లిపోవడం చూశాను. చిన్న బడిలో వాళ్లే గుడ్లు చిన్నవి వచ్చాయని తిప్పి పంపించడమూ చూశాను. రాష్ట్రంలో 2003 జనవరి నుంచి బడిలో వండి పెడుతున్న మధ్యాహ్న భోజనం ఏ బడిలో ఎలా ఉంటుందన్నది, వండే మనిషికీ తినే పిల్లల తల్లులకూ ముఖపరిచయం ఉందా లేదా అన్నదాని మీద చాలావరకు ఆధారపడుతుంది. మా బడిలో వండే ఆమెది అదే వీధి. ఏ పిల్ల అన్నం వదిలేసినా సాయంత్రం కుళాయి దగ్గర తల్లికి చెప్పేసేది.

బడి భవనం వల్ల వీధికి కలిగే ఉపయోగం మీకు తెలిసిందే: పోలియో చుక్కలు అక్కడే, ఓట్లు అక్కడే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన రాత్రి రేకుల ఇళ్ల వాళ్లు మా బడి వరండాలోనే తలదాచుకున్నారు. తాళం చెవి పక్కింట్లోనే ఉండడం వల్ల ఎవరి అనుమతీ కోరవలసిన పని పడలేదు. ఇవి బడిని ఉంచడానికి చాలిన కారణాలని మాత్రం నేను అనను. ఆ పనులకు సామాజిక భవనం ఉన్నా సరిపోతుంది. వాదనలో వీటిని ముందు పెడితే అధికారులు భవనం ఉంచి తరగతులు తీసేస్తామంటారు, జాగ్రత్త.

ఇప్పుడు ఎదుటి పక్షం మాట. చిన్న బడి అసలు లోపం ఖర్చు కాదు, బహుళ తరగతుల బోధన. 26 మందికి ఇద్దరు టీచర్లంటే ఒక్కొక్కరికి పదమూడు మంది. వినడానికి ఏ ఖరీదైన కాన్వెంటులోనూ దొరకని భాగ్యంలా ఉంటుంది. కానీ తరగతులు అయిదు. ఒకరు ఒకటి, రెండు తరగతులు పట్టుకుంటే రెండోవారు మూడు, నాలుగు, అయిదు కలిపి చూడాలి. అయిదో తరగతికి భిన్నాలు చెబుతుంటే మూడో తరగతి ఎక్కం రాస్తూ కూర్చుంటుంది, రాసింది దిద్దేసరికి గంట కొట్టేస్తారు. ఒక టీచరు శిక్షణకో, ఎన్నికల పనికో వెళ్లిన రోజు బడి అంతా ఒకే గది అయిపోతుంది. ఇద్దరిలో ఒకరి పోస్టు ఖాళీ అయి సంవత్సరం పాటు నింపకపోతే ఆ సంవత్సరం చదువు పోయినట్టే. నేను అలాంటి ఏడాది ఒకటి గడిపాను. ఆ ఏడు అయిదో తరగతి దాటి వెళ్లిన పిల్లలకు భాగహారం సరిగ్గా రాలేదన్న సంగతి ఇప్పటికీ మింగుడుపడదు. అరవై మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు టీచర్లు ఉండాలని విద్యాహక్కు చట్టంలోని షెడ్యూలు చెబుతోంది, మీరు పట్టుబట్టవలసిన మాట అదే. పిల్లల సంఖ్య పది లోపుకు పడిపోతే ఇద్దరున్నా నేను ఉంచమనను. ఆడుకోవడానికి ఈడు పిల్లలు లేని బడి పిల్లలకు బడిలా ఉండదు.

అయితే కలిసి కూర్చోవడంలో అంతా నష్టమేనని కూడా అనలేం. మన వీధి బడుల్లో పై తరగతి పిల్లలు కింది వాళ్లకు చెప్పడం పాత అలవాటే. 1790ల్లో మద్రాసు ఎగ్మోరులో అనాథ బాలుర ఆశ్రమం నడిపిన ఆండ్రూ బెల్ అనే ఆయన, ఇక్కడి బడుల్లో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి, పెద్ద పిల్లలచేత చిన్నవాళ్లకు నేర్పించే ఏర్పాటు చేసి, ఇంగ్లండు వెళ్లి దాన్ని ప్రచారం చేస్తే అక్కడ దానికి మద్రాసు పద్ధతి అనే పేరు పడింది. టీచరు ఉండవలసిన చోట పిల్లలను పెట్టి సరిపెట్టుకోమని నేను అనడం లేదు. మా అయిదో తరగతి పిల్ల ఒకతె చింతపిక్కలు పదేసి కుప్పలు పోసి ఒకటో తరగతి పిల్లవాడికి పదులు, ఒకట్లు చెప్పేటప్పుడు, వాడి కన్నా ఎక్కువ ఆమెకే లెక్క స్థిరపడింది. ఒడిశా నుంచి వచ్చిన పిల్లలకు తెలుగు కూడా మా కన్నా ఆ పిల్లలే తొందరగా నేర్పారు. 'నాను ఎల్తాను' అనే ఇంటి మాటతో బడికి వచ్చిన పిల్ల నోరు మూతపడకుండా ఉండాలంటే మొదటి రెండేళ్లూ ఇలాంటి చిన్న గుంపులోనే గడవాలని నా నమ్మకం. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తిగారు సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పించిన సీమ మనది, ఇంటి మాట విలువ మనకు మరొకరు చెప్పనక్కరలేదు.

పరిశోధనలు ఏమంటాయని కమిటీలో ఎవరైనా అడగవచ్చు. అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో 1985 నుంచి నాలుగేళ్ల పాటు 11 వేల మందికి పైగా చిన్న పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. పదమూడు నుంచి పదిహేడు మంది ఉన్న తరగతుల పిల్లలు, ఇరవై రెండు నుంచి పాతిక మంది ఉన్న తరగతుల పిల్లల కన్నా బాగా నేర్చుకున్నారనీ, పేద పిల్లలకు ఆ లాభం మరింత ఎక్కువగా కలిగిందనీ తేలింది. అది తరగతి పరిమాణం గురించే గానీ బడి పరిమాణం గురించి కాదు, రెండింటినీ కలిపేసి వాదించకండి, తెలిసినవారు అక్కడే పట్టుకుంటారు. మీకు ఎక్కువ దగ్గరగా ఉండేది షికాగో నగరం అనుభవం. 2013లో పిల్లలు తగ్గారన్న కారణంతో అక్కడ ఒకేసారి దాదాపు యాభై బడులు, ఒకటి తప్ప అన్నీ చిన్న పిల్లలవే, మూసేశారు. ఆ పిల్లలను తరువాత కొన్నేళ్లు గమనించిన అక్కడి విశ్వవిద్యాలయం వారు, మూసివేత ప్రకటించిన సంవత్సరంలోనే, అంటే పిల్లలింకా పాత బడిలో ఉండగానే, చదువు దెబ్బతిన్నదని చెప్పారు. బడి ఉంటుందో పోతుందో తెలియని ఏడు టీచర్ల మనసూ పిల్లల మనసూ పాఠం మీద ఉండవు. ఇది మన దగ్గరా అంతే. కాబట్టి మీ కమిటీ ఏ నిర్ణయం తీసుకున్నా వేసవి సెలవుల్లో తేల్చమని అడగండి, నవంబరులో చర్చ మొదలుపెట్టి ఏప్రిల్ దాకా నాన్చనివ్వకండి.

మన దేశం లెక్క కూడా ఒకటి ఉంది. 2016–17 గణాంకాల ప్రకారం ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో దాదాపు 28 శాతం చోట్ల పిల్లలు ముప్పై మంది లోపే ఉన్నారని 2020 జాతీయ విద్యావిధానం రాసుకుంది. అందుకు అది సూచించిన మందు కొంత దూరంలో ఉన్న బడులన్నిటినీ ఒక సముదాయంగా చేర్చి, ఆట టీచరును, సంగీతం టీచరును, గ్రంథాలయాన్ని, ప్రయోగ సామగ్రిని పంచుకోవడం. కేంద్ర ప్రభుత్వం విద్య మీద వేసిన కొఠారీ కమిషను 1966లోనే ఈ మాట చెప్పింది. మీ బడికి సరిగ్గా నప్పే దారి ఇదేనని నా అభిప్రాయం. చిన్న పిల్లలు వీధి దాటనవసరం లేకుండా ఇక్కడే ఉంటారు. వారానికి ఒక రోజు నాలుగు, అయిదు తరగతుల వారిని టీచరు వెంటబెట్టుకొని పెద్ద పాఠశాలకు తీసుకెళ్లి అక్కడి గ్రంథాలయం, మైదానం వాడుకోనిస్తారు. ఇక్కడ ఒక టీచరు సెలవు పెడితే అక్కడి నుంచి ఒకరు వస్తారు. ఆరో తరగతికి వెళ్లే నాటికి ఆ గేటూ, ఆ కాపలా మనిషీ కొత్త అనిపించరు.

కమిటీ సమావేశానికి ముందు రెండు పనులు చేయండి. ఒకటి, 26 మంది పేర్లూ ఒక కాగితం మీద రాసి, ప్రతి పేరు ఎదుట కలిపితే ఎక్కడికి వెళ్తారో, ఎవరు తీసుకెళ్తారో ఇంటింటికీ వెళ్లి అడిగి రాయండి. "పంపిస్తామండీ" అన్న జవాబు రాయకండి, తీసుకెళ్లే మనిషి పేరు రాయండి. ఆ గడి ఖాళీగా మిగిలిన పేర్లు ఎన్నో, మీ వాదన బలం అంత. రెండోది, సంతకం అడిగే అధికారిని మర్యాదగా పిలిచి, పొద్దున్న ఎనిమిదిన్నరకు మీ ఒకటో తరగతి పిల్లల్లో ఒకరి చెయ్యి పట్టుకొని పెద్ద పాఠశాల గేటు దాకా నడవమనండి. మా వార్డుకు వచ్చిన ఒక అధికారి అలా నడిచారు. సగం దారిలో మురుగు కాలువ దాటించడానికి పిల్లను ఎత్తుకోవలసి వచ్చింది, ఆ తరువాత రోడ్డు పక్కన నిలబడి బస్సులు తెరిపి ఇచ్చేదాకా చాలాసేపు ఆగారు. ఆ ఏడాదికి మా బడి ప్రస్తావన మళ్లీ రాలేదు. తీర్మానం రాసేటప్పుడు 'బడిని ఉంచవలెను' అని మాత్రమే రాసి వదిలేయకుండా 'ఇద్దరు ఉపాధ్యాయులతో' అన్న మాట కూడా అదే వాక్యంలో ఉండేలా చూసుకోండి, నకలు ఒకటి మీ దగ్గర పెట్టుకోండి.